మొదటి ఊపిరి

మిట్టమధ్యాహ్నం...!

అయినా ఆకాశంలో సూర్యుడి జాడ లేదు. కారుమేఘాలు కమ్ముకుని, జోరువానతో పట్టపగటిని మింగేశాయి. ఫెళఫెళార్భటులతో పిడుగులు దిక్కులను అదరగొడుతున్నాయి. గాజు కర్మాగారం వెనుక, చల్లారి ఏళ్ళు గడిచిన పాత కొలిమి షెడ్డులో, దూలం మీద నిద్రపోతున్న గుడ్లగూబ ఒకటి రాత్రి అయిందనుకుని కళ్ళు తెరిచింది. రెక్కలు టపటపా కొట్టుకుని కర్ణకఠోరంగా అరిచింది.

దాని కింద, ఆ కొలిమి నోటికి ఎదురుగా, బొగ్గుతో గీసిన వలయం... వలయం నడుమ ఒక కపాలం! దాని కంటిగుంటల్లో రెండు దీపాలు రెపరెపలాడుతున్నాయి. కపాలానికి ఎదురుగా జుట్టు విరబోసుకున్న ఒక యువతి, పక్కనే ఒళ్ళంతా మసి పూసుకున్న మాంత్రికుడు. ఊళ్ళో వాళ్ళు అతన్ని మసిదొర అంటారు, అదీ గొంతు తగ్గించి.

వలయం బయట, చేతులు నలుపుకుంటూ పెంకులమ్మ నిలబడి ఉంది.

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరేదో ఇప్పుడు ఎవరికీ తెలియదు. పగిలిన గాజు ఏరి, ఏ రంగుకు ఆ రంగు వేరుచేసి, తిరిగి కొలిమిలోకి పంపడం ఆమె పని. చేతుల నిండా కోసుకుపోయిన గీతలే. ఎవరైనా జాలిపడితే, “మా పనిలో పారేసేది అంటూ ఉండదమ్మా, పెంకు కూడా మళ్ళీ గ్లాసవుతుంది,” అని గొప్పలు పోయేది. పనివాళ్ళు ఆమెను ఆటపట్టించేవాళ్ళు. “పెంకులమ్మ చేతిలో పడితే మనల్ని కూడా కరిగించి కొత్తగా చేస్తుందిరోయ్!” అనేవాళ్ళు.

వాళ్ళలో కొందరు ఇప్పుడు లేరు. వాళ్ళు లేకపోవడానికి కారణం ఆమె కన్న కొడుకే.

ఒకనాడు కొలిమి గోడ పగిలి, కరిగిన గాజు నేల మీదికి పొంగింది. లోపల తోటివాళ్ళు ఉన్నారని తెలిసి కూడా వాడు ఇనుప తలుపు మూసి, గడియ పెట్టి, ప్రాణాలు అరచేత పట్టుకుని పరుగు తీశాడు. లోపలివాళ్ళు తలుపు బాదిన చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది. తలుపు తెరిచేసరికి బాదడానికి ఎవరూ మిగల్లేదు.

పోనీ, పశ్చాత్తాపపడ్డాడా అంటే అదీ లేదు. తప్పతాగి, చచ్చినవాళ్ళను తిట్టాడు, వాళ్ళను కన్నవాళ్ళను తిట్టాడు, చివరికి దేవుణ్ణి తిట్టాడు. ఆ తిట్టు పెదవుల మీద ఉండగానే గుండె ఆగి నేలకొరిగాడు.

పెంకులమ్మ ప్రార్థన మందిరానికి వెళ్ళి బోధకుణ్ణి అడిగింది.

“వాడు నరకంలో ఎన్నాళ్ళుంటాడు బాబూ?”

“అంతం లేదమ్మా.”

“వెయ్యేళ్ళా?”

“వెయ్యేళ్ళు గడిచినా అది మొదటి రోజు కిందే లెక్క.”

“దేవుడు మంచివాడంటారు కదా?”

“మంచివాడు కాబట్టే న్యాయం చేస్తాడు.”

“నా కొడుకు తప్పు చెయ్యలేదని నేనట్లేదు బాబూ. ఘోరం చేశాడు. కాలనివ్వండి. కానీ కొలిమన్నాక దానికో పనుంటుంది కదా! పెంకుని కాల్చేది గ్లాసు చెయ్యడానికి. ఏమీ చెయ్యకుండా ఊరికే కాలుస్తూ కూర్చునే కొలిమి ఎక్కడన్నా ఉందా?”

బోధకుడు చెడ్డవాడేమీ కాదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“మీరు పుణ్యాత్మురాలు. స్వర్గంలో సుఖంగా ఉంటారు,” అన్నాడు.

“వాడక్కడ కాలుతుంటే నాకు సుఖమెట్లా వస్తుంది బాబూ?”

ఆయన కళ్ళద్దాలు మరోసారి తుడుచుకున్నాడు. పెంకులమ్మ లేచి వచ్చేసింది. దేవుడి మనిషి చేతులెత్తేశాక, మసిదొర తలుపు తట్టింది.

మసిదొర సంగతంతా విని ఒకే ఒక ప్రశ్న వేశాడు. “వాడి మొదటి ఊపిరి నీ దగ్గరుందా?”

ఉంది. ఆ కర్మాగారంలో అదొక ఆనవాయితీ. కొత్త పనివాడు ఇనుప గొట్టంతో ఊదిన మొట్టమొదటి గాజుబుడ్డికి మూతి తెరవరు. వేడిగా ఉండగానే మూసేసి, వాడి ఊపిరి లోపల ఉండగానే తెచ్చి తల్లి చేతికిస్తారు. ఆమె కొడుకు ఊదిన బుడ్డి ఒక పక్క ఉబ్బి, ఇంకో పక్క నొక్కుకుపోయి, పంటినొప్పి వచ్చిన మొహంలా ఉండేది. దాన్ని చూసినప్పుడల్లా ఆమె పకపకా నవ్వేది. వాడు పోయాక గుండెలకు హత్తుకుని పడుకునేది.

“అయితే లాగొచ్చు,” అన్నాడు మసిదొర. “కానీ లోపల్నుంచి ఒకడు రావాలంటే, బయట్నుంచి ఒకరు వెళ్ళాలి.”

“నేనెళ్తా!” మాట పూర్తి కాకముందే అనేసింది పెంకులమ్మ.

“వాడొచ్చి నిలబడటానికి ఒక ఒళ్ళు కూడా కావాలి. వాడితో కాపురం చేసిన ఒళ్ళు.”

ఇప్పుడు వలయంలో కూర్చున్న ఆ యువతే, ఆమె కోడలు, కాదనలేదు. “ఒక్కసారి ఆ గొంతు వింటే చాలత్తయ్యా,” అంది.

*

“హ్రాం... హ్రీం... హ్రూం...!”

మసిదొర కంఠం నుంచి బీజాక్షరాలు విషజ్వాలల్లా వెలువడుతున్నాయి. గాజుబుడ్డిని కపాలం పళ్ళ మధ్య ఇరికించాడు. మరుక్షణం బుడ్డి లోపల సన్నని ఆవిరి సుడి తిరిగింది! కోడలి దేహం విల్లులా వంగింది. కనుగుడ్లు పైకి తేలిపోయాయి. కాలిన ఇనుము వాసన షెడ్డంతా కమ్ముకుంది. అంతలో... ఆ సుకుమారమైన గొంతులోంచి ఒక పురుషుడి ఆక్రందన!

“అమ్మా...! తలుపు తియ్యవే...!”

పెంకులమ్మ వలయం అంచుదాకా పరుగెత్తింది. “నాన్నా! ఇక్కడే ఉన్నానురా!”

“బాదుతున్నానే... చేతులు కాలిపోతున్నాయి, మళ్ళీ మొలుస్తున్నాయి, మళ్ళీ బాదుతున్నాను... ఎవరూ తియ్యట్లేదే! వాళ్ళూ ఇట్లాగే బాదారు కదే అమ్మా! నేను విన్నాను... విని కూడా పారిపోయానే! తప్పు చేశానే... ఒక్కసారి వాళ్ళ కాళ్ళు పట్టుకోనివ్వమని చెప్పవే!”

ఆ తల్లి పైకప్పు వైపు తలెత్తి అరిచింది. “విన్నావా? వాడికి తెలిసొచ్చింది! ఇంకేం కావాలి నీకు? విన్నావా?”

పైనుంచి పిడుగు తప్ప మరే శబ్దమూ రాలేదు.

మసిదొర నడుములోంచి కత్తి తీశాడు. వెళ్ళాల్సింది తనే కదా అని పెంకులమ్మ ముందుకొచ్చి మెడ చాచింది. అతను ఆమెను ఒక్క తోపు తోసి, కోడలి జుట్టు ఒడిసిపట్టి, కత్తిని ఆమె గొంతుకు ఆనించాడు.

“అమ్మా! వాడు నన్ను తియ్యడానికి రాలేదే!” కోడలి నోట కొడుకు గావుకేక పెట్టాడు. “ఇక్కడ నా పక్కనే వాడి గది సిద్ధంగా ఉంది! తన బదులు నా పెళ్ళాన్ని తోస్తున్నాడే!”

మసిదొర వికటాట్టహాసం చేశాడు. కానీ ఆ నవ్వు చివర వణికింది. “అవునే ముసలీ! నాకూ భయమే! నేను పుట్టకముందే నా కోసం మంట రాజేసి పెట్టినవాడు మంచివాడూ, తప్పించుకునే నేను చెడ్డవాణ్ణీనా? ఏటా ఒకరిని తోస్తున్నాను... ఏడాది గడుపుకుంటున్నాను! ఆ బుడ్డి ముట్టుకున్నావో, నీ కొడుకు గొంతు మళ్ళీ ఈ జన్మలో వినవు!”

పెంకులమ్మ బుడ్డి వైపు చూసింది. లోపల ఆవిరి కొట్టుకుంటోంది. కోడలి మెడ వైపు చూసింది. సన్నని నెత్తుటి గీత దిగుతోంది. ఆ పిల్ల చేసిన పాపం, తన కొడుకును ప్రేమించడమే.

“నన్ను క్షమించరా నాన్నా...” అంటూ వలయంలోకి దూకి, కపాలం నోట్లోంచి బుడ్డిని లాగేసి, దీపాల్ని కాలితో తన్నింది.

“అమ్—”

ఆ పిలుపు సగంలోనే తెగిపోయింది. కోడలు మొహం నేలకు ఆనించి కుప్పకూలిపోయింది.

అంతే...! పిడుగుల మోత ఆగింది. గుడ్లగూబ నోరు మూసుకుంది. చచ్చి ఏళ్ళయిన ఆ కొలిమి నోట్లోంచి ఒక వెలుగు... పొగ లేని, సెగ లేని, అనంత తేజోమయమైన వెలుగు వెల్లువెత్తింది!

ముందుగా మసిదొర నీడ కాలిపోయింది. ఆ పైన ఒంటి మీద మసి భగ్గుమంది. తాను నేర్చిన మంత్రాలన్నీ వరుసబెట్టి అరిచాడు. ఒక్కటీ పనిచెయ్యలేదు. కనిపించని చెయ్యి ఏదో అతన్ని కొలిమి నోట్లోకి ఈడ్చుకుపోతుంటే, ఇటుకల్ని గోళ్ళతో పట్టుకుని వేలాడాడు.

“ఎన్నాళ్ళు ప్రభూ...? అది ఒక్కటైనా చెప్పు... ఎన్నాళ్ళు?”

తను అడిగిన ప్రశ్నే! పెంకులమ్మ ఉండబట్టలేక, “వద్దు స్వామీ!” అంది, ఆ దుర్మార్గుడి కోసం. గోళ్ళు ఇటుకల్ని వదిలేశాయి. లోపలెక్కడో ఇనుప గడియ పడిన చప్పుడు. తర్వాత, దూరమవుతూ... తలుపు బాదుతున్న చప్పుడు!

వెలుగు ఆమె వైపు తిరిగింది. అందులో ప్రేమ ఉంది. అనుమానం అక్కర్లేదు, కన్నతల్లి ఒడిలో కూడా ఆమె అంతటి ప్రేమను ఎరగదు. ఆమెకు వణుకు పుట్టింది అందుకే.

“నువ్వు మంచిదానివి. ఏం కావాలో అడుగు.”

“నా కొడుకు.”

“అది తప్ప.”

“స్వామీ, మేం పెంకుని కూడా పారెయ్యం. కోసుకున్నా ఏరుకుంటాం. కరిగించి మళ్ళీ చేస్తాం. నీ దగ్గర అంత పెద్ద కొలిమి పెట్టుకుని... ఒక్కణ్ణి కూడా మళ్ళీ చెయ్యలేవా?”

కళ్ళద్దాలుంటే ఆ వెలుగు కూడా తీసి తుడుచుకునేదేమో.

“నీ కన్నీళ్ళు తుడుస్తాను,” అంది చివరికి, ఎంతో దయగా.

మెత్తని స్పర్శ ఒకటి ఆమె చెంపలకు తగిలింది. ఏ కన్నీళ్ళను, ఎంత లోతు నుంచి తుడవబోతోందో ఆమెకు ఆ క్షణంలో అర్థమైంది. వెనక్కి పాకింది.

“వద్దు! వద్దు స్వామీ, నన్ను ఏడవనివ్వు! వాడికి నేను తప్ప ఏడ్చేవాళ్ళు—”

*

వాన వెలిసి మబ్బు విడింది. రేకుల సందుల్లోంచి ఎండ పడింది. కోడలు లేచి కూర్చుంది.

“అత్తయ్యా... వచ్చాడా? మాట్లాడాడా?”

పెంకులమ్మ మొహంలో ఇంత ప్రశాంతత ఆ పిల్ల ఏనాడూ చూడలేదు. నుదుటి ముడతలు కూడా సాపయ్యాయి.

“ఎవరమ్మా రావాల్సింది? అయ్యో, మెడ మీద ఆ గీతేంటి? ఎవరి పిల్లవు తల్లీ నువ్వు?”

పెంకులమ్మ చేతిలోని బుడ్డిని ఎండకు ఎత్తి, అలవాటు కొద్దీ అటూ ఇటూ తిప్పి చూసింది. ముసిముసిగా నవ్వుకుంది.

“ఎవడో కొత్త కుర్రాడు ఊదినట్టున్నాడు. పంటినొప్పి మొహంలా ఉంది చూడు! చెయ్యింకా కుదరలేదు పాపం.”

“వద్దత్తయ్యా! వద్దు!”

అప్పటికే అది గుమ్మం పక్కన పెంకుల తొట్టిలో పడింది. చిట్లింది. అందులోని కాస్త గాలీ గాలిలో కలిసిపోయింది.

“దానికంత ఏడుపెందుకమ్మా? కరిగిస్తే మళ్ళీ మంచిదవుతుంది. మా పనిలో పారేసేది అంటూ ఉండదు.”

కోడలు తొట్టి మీద పడి పెంకులు ఏరుకుంటూ ఉన్నట్టుండి ఆగిపోయింది. పాత కొలిమి లోపల, ఎక్కడో అట్టడుగున...

“వినపడట్లేదా అత్తయ్యా? తలుపు బాదుతున్నాడు!”

పెంకులమ్మ చెవి ఒగ్గి వింది. నిజంగానే శ్రద్ధగా వింది.

“ఏం లేదమ్మా. రేకుల మీద నీళ్ళు కారుతున్నాయంతే,” అంది.

కొంగుతో ఆ పిల్ల మెడ మీది నెత్తురు తుడిచి, ఏదో కూనిరాగం తీస్తూ పనిలోకి వెళ్ళిపోయింది.