సొంత వాక్యం

పద్మప్రియకు జడలు అల్లుతూ, కూతురి ఒళ్ళో తెరిచి ఉన్న తెలుగు నోటుపుస్తకాన్ని భుజం మీదుగా చూసుకుంటోంది లక్ష్మీదేవి. ‘సొంత వాక్యాలు’ అన్న మాట కింద పది వాక్యాలు. పదింటికీ ఎర్రసిరా టిక్కులు. లక్ష్మీదేవి చదివింది ఏడో తరగతి వరకే. తొమ్మిదేళ్ళ వయసులో తను ఇలాంటి వాక్యం ఒక్కటీ రాయలేదని ఆమెకు బాగా గుర్తు.

“‘వర్షం ప్రకృతి మనకిచ్చిన వరం.’ ఇంత మంచి మాట యాడ నేర్చుకున్యావే?” అంది మురిసిపోతూ.

పాప టక్కున పుస్తకం మూసేసింది. “బిరీన అల్లుమా. బెల్లు కొడ్తారు.”

అరుగు మీద పేపరు చదువుతున్న జయరాముడు తల ఎత్తలేదు. ఆయన లక్ష్మీదేవికి మామ. గార్లదిన్నె చుట్టుపక్కల బళ్ళలో ముప్పై రెండేళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన పంతులు. ఇప్పటికీ ఆయన ఎదురైతే బీడీ వెనక్కి దాచుకునే మగవాళ్ళు ఆ ఊళ్ళో ఉన్నారు.

వరసగా రెండేళ్ళు వానలు ముఖం చాటేశాయి. శెనక్కాయ పంట ఎండిపోయాక ఆమె భర్త ఓబులేసు బోర్లు వేసే లారీ మీద పనికి కుదిరాడు. నెలకొకసారి ఇంటికొస్తే గొప్ప. లక్ష్మీదేవి చీనీ బత్తాయి తోటలో కలుపు పనికి పోతోంది. సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి తాత పక్కన కూర్చుని పాప రాసుకుంటూ కనిపించేది. అది చూస్తే చాలు, నడుము నొప్పి సగం తగ్గినట్టుండేది. “మా మామ ఉండాడు కాబట్టి పాప చదువు గురించి నాకు దిగుల్లేదు” అని తోటలో ఆడవాళ్ళతో గర్వంగా చెప్పుకునేది.

ఆ రోజు బడిలో తల్లుల సమావేశం. నెల కిందట నాలుగో తరగతికి కొత్తగా వచ్చిన సుబ్బరత్నమ్మ టీచరు తల్లులను చాపల మీద కూర్చోబెట్టి, తనే అల్లిన చిన్న కథ ఒకటి బోర్డు మీద రాసింది. ‘కుళ్ళాయప్ప మేక తప్పిపోయింది. అతను ఊరంతా వెతికాడు. మేక బడి వెనక చిగుళ్ళు తింటోంది. కుళ్ళాయప్ప నవ్వి దాన్ని ఎత్తుకున్నాడు.’

పద్మప్రియ లేచి గడగడా చదివేసింది. లక్ష్మీదేవి అటూ ఇటూ చూసి మెడ నిటారుగా పెట్టుకుంది.

“బాగా చదివినావు. మేక యాడ దొరికింది?” టీచరు అడిగింది.

పాప బోర్డు వంక చూసి, “కుళ్ళాయప్ప మేక తప్పిపోయింది” అని మొదటి వాక్యమే మళ్ళీ చదివింది.

“సరే. కుళ్ళాయప్ప ఎందుకు నవ్వినాడు?”

పాప మళ్ళీ బోర్డు వంకే చూసింది.

“పోనీలే. ‘మేక’తో ఒక సొంత వాక్యం చెప్పు తల్లీ. నీకు ఏది తోస్తే అది.”

“అది... ఇంకా రాసుకోలేదు టీచర్.”

ఎవరో కిసుక్కున నవ్వారు. లక్ష్మీదేవికి చెవులు వేడెక్కాయి.

అందరూ వెళ్ళాక టీచరు ఆమెను కిటికీ దగ్గరికి పిలిచింది. “మీ పాపకు అక్షరాలన్నీ వస్తాయమ్మా. చదివింది మాత్రం అర్థం కాదు. తనంతట తాను ఒక మాట పక్కన ఇంకో మాట పెట్టలేకపోతోంది. ఎందుకో ఇది చూస్తే తెలుస్తుంది” అని నోటుపుస్తకం పేజీని వెలుతురుకు పట్టింది.

పాప సిరా అక్షరాల కింద పెన్సిలు గీతలున్నాయి. రబ్బరుతో చెరిపినా పోని, కుడివైపుకు వాలిన అక్షరాలు. వాటి మీదే పాప పెన్నుతో దిద్దింది. ఆ చేతిరాత ఎవరిదో లక్ష్మీదేవికి ఒకరు చెప్పనక్కర్లేదు. ఆమె పెళ్ళి శుభలేఖల మీద పేర్లు రాసింది ఆ చెయ్యే.

ఆ పూట ఆమె తోటకు పోలేదు. నేరుగా ఇంటికొచ్చి నోటుపుస్తకం మామ ముందు పెట్టింది.

“ఇది ఎవరి రాత మామా?”

ఆయన కళ్ళద్దాలు సర్దుకున్నాడు. “పాపది.”

“దాని కింద ఉండేది?”

జయరాముడు పుస్తకం మూశాడు.

“రెండేండ్లు మామా! పొద్దంతా ఎండలో మాడి వచ్చి, నా బిడ్డ చదువుకుంటాందిలే అని నిమ్మళంగా పండుకుంటాంటి. పరాయోళ్ళు మోసం చేసింటే నాలుగు తిట్టి ఊరకుంటాంటి. నువ్వు సారువి. నిన్ను నమ్మినా.”

“మోసం అనద్దు లక్ష్మీ.” ఆయన గొంతు బాగా తగ్గిపోయింది. “రెండో తరగతిలో వాక్యం చెప్పలేదని దానితో గోడకుర్చీ ఏపిచ్చినారు. ఇంటికొచ్చి జ్వరం పడింది. నీకు చెప్పొద్దని పాపకు నేనే అంటి. ఆ పొద్దు నాకు మీ ఎర్రిస్వామి గుర్తుకొచ్చినాడు.”

ఎర్రిస్వామి లక్ష్మీదేవి అన్న. జయరాముడు ఆమె పుట్టింటి ఊళ్ళో పని చేసిన రోజుల్లో ఆయన దగ్గరే చదివాడు. పాఠంలో ప్రశ్నకు జవాబు చెప్పలేదని రెండు రోజులు వరసగా దెబ్బలు తిన్నాడు. మూడో రోజు గొర్రెల వెంట పోయినవాడు మళ్ళీ బడి ముఖం చూడలేదు.

“జవాబు చెప్పలేదని కొడితినే గానీ, నేను అడిగింది వానికి అర్థమయిందా అని ఒక్కసారీ చూడలేదు. దీన్నీ అట్ల నిలబెడతారని భయమేసింది. రాసిస్తే భయం ఉండదనుకున్యా” అన్నాడాయన.

“మా అన్న సంగతి నాకు తెలుసు మామా. తెలిసే ఈ ఇంటికి వచ్చినా. మా నాయన వద్దనె. సారు ఇంట్లో నా పిల్లోళ్ళకన్నా చదువొస్తాదని నేనే పట్టుబట్టినా.” నోటుపుస్తకాన్ని వేలితో చూపించింది. “మా అన్నను కట్టె తీసుకొని చదువుకు దూరం చేసినావు. నా బిడ్డను ముద్దు చేసి దూరం చేసినావు. ఇద్దరికీ ఒకటే అన్యాయం.”

నాలుగు రోజులు ఆ ఇంట్లో మామాకోడళ్ళ మధ్య మాటల్లేవు. లక్ష్మీదేవి మామకు కంచం అరుగు మీదికే తెచ్చి పెట్టి పోయేది. సగం కంచం అట్లాగే తిరిగొచ్చేది.

సాయంత్రాలు పాపను పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని తనే మొదలుపెట్టింది. ఎట్లా నేర్పాలో టీచరును అడిగి తెలుసుకుంది. “ఈ పొద్దు ఏం చూసినావో ఒక్క మాట చెప్పు.”

“మేక.”

“మేక ఏం చేసింది?”

“తినింది.”

“ఏం తినింది? యాడ తినింది?”

చెప్పిన ప్రతి మాటనూ, ‘ను’ లాంటి చిన్నవాటినీ విడివిడిగా పాత క్యాలెండరు ముక్కల మీద రాసి, కలిపేసి, సరిగ్గా పేర్చమనేది. మొదటి రెండు రోజులు పాప అమ్మ ముఖం చూసి పేర్చింది. మూడో రోజు ‘మేకను ఆకు తినింది’ అని పేర్చి, చదువుకుని, ఒక్కసారిగా పకపకా నవ్వింది. “ఆకు మేకను తింటాదామా!” అని తనే ‘ను’ ముక్క తీసి ఆకు పక్కన పెట్టింది. లక్ష్మీదేవి కూతుర్ని దగ్గరికి లాక్కుని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. చదివింది బుర్రలో బొమ్మ కడితే తప్ప అట్లా నవ్వు రాదని ఆమెకు ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

నాలుగో రోజు అరుగు మీంచి సన్నగా వినబడింది. “‘తినింది’ కాదు పాపా. పుస్తకంలో ‘తిన్నది’ అని...”

“దిద్దేది తర్వాత మామా. ముందు దాన్ని మాట్లాడనీ” అంది లక్ష్మీదేవి. నాలుగు రోజుల్లో ఆయనతో ఆమె అన్న మొదటి మాట అదే.

ఆదివారం “నీకు ఇష్టమొచ్చింది రాయి” అని తెల్ల కాగితం ఇచ్చింది. పాప బోర్లా పడుకుని, చాలాసేపు పెన్ను కొరుక్కుని రాసింది. తెచ్చి తనే చదివింది.

“అమ్మకు కోపం వచ్చింది. తాత సంగటి తినలేదు. నాకు ఏడుపు వచ్చింది.”

“ఎందుకు వచ్చింది?” అలవాటుగా అడిగింది లక్ష్మీదేవి.

పాప కాగితం నేల మీద పెట్టి ఇంకో వాక్యం రాసి, తల్లి చేతికిచ్చింది.

‘నాకు రాదని తాత అనుకున్నాడు.’

లక్ష్మీదేవి దాన్ని రెండుసార్లు చదివింది. మోసపోయింది తనొక్కతే అనుకుని ఇన్నాళ్ళూ కుమిలిపోయింది. రెండేళ్ళుగా టిక్కులు చూసి మురిసిన తను, ఆ వాక్యానికి అర్థమేమిటని పాపను ఒక్కసారన్నా అడిగిందా? అడిగి ఉంటే ఆ రోజే బయటపడేది కదా!

ఆమె అరుగు మీదికి పోయి, ఆ కాగితం మామ చేతిలో పెట్టింది. ఆయన చదివాడు.

పాప గడప మీద నిలబడి అడిగింది. “నాకు రాదని ఎందుకనుకున్యావు తాతా? అడిగింటే తప్పో ఒప్పో చెప్తాంటి కదా.”

ముప్పై రెండేళ్ళు పిల్లల్ని నిలబెట్టి ప్రశ్నలడిగిన మనిషి కళ్ళద్దాలు తీసి పంచె చెంగుతో కళ్ళు ఒత్తుకున్నాడు.

“తప్పయింది పాపా. రాకపోయింది నీకు కాదు. ఓపిగ్గా అడిగేది నాకే రాలేదు.” కోడలి వైపు తిరిగాడు. “లక్ష్మీ, మీ అన్నకూ ఈ మాట చెప్పాల. గొర్రెలు తోలుకొని ఈ పక్కకు వచ్చినప్పుడు చెప్పు. నేనే పోతా.”

లక్ష్మీదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నేనూ అడగలేదులే మామా. టిక్కులే చూసినా” అంది.

“మళ్ళా రాసియ్యవు కదా?” పాప నిలదీసింది.

“రాసియ్యను.”

“ఐతే లేయి. నేను కథ చదువుతా. నువ్వు అడుగు. నేను చెప్పేదాకా నువ్వు పలకద్దు.”

పాప ఆయన వేలు పట్టుకుని లేపింది. ముసలాయన మోకాళ్ళ మీద చేతులూని లేచాడు. లక్ష్మీదేవి అప్పటికే లోపల తాతకూ మనవరాలికీ రెండు కంచాలు పక్కపక్కన వేసి సంగటి పెడుతోంది.

“ముందు తినేసి కూచోండి మామా. ఆరిపోతాంది” అని పిలిచింది.