మూడో ఆదివారం ప్రకటన

"జరీ తక్కువగా, నిజాం అంచు ఉన్న తెల్లచీర కావాలండీ."

"అది ఇంకా మగ్గం మీదే ఉంది. లోపలికొచ్చి చూసుకోండి."

కోడ్ కలిసింది. మంగళగిరి బజారులో సగం ఎత్తిన షట్టర్ కింద నుంచి వంగి, చెప్పులు విడిచి, డేనియల్ ఆ చీరల షాపు వెనకగదిలోకి నడిచాడు. బయట బోర్డు చేనేత వస్త్రాలది. లోపల మాత్రం డెస్క్ నైన్. పరాయి దేశపు ముఠాలు ఇక్కడ ఏం తవ్వుతున్నాయో చూసే ఆఫీసు అది. దాని చీఫ్ రామకోటేశ్వరరావు తెల్లదుప్పటి పరిచిన పరుపు మీద, విప్పిన చీరల మధ్య అచ్చం షావుకారులా కూర్చుని ఉన్నాడు. టైము ఉదయం ఏడు.

డేనియల్ మొహం వెలిగిపోతోంది. ఎందుకు వెలగదూ? పదేళ్ల సర్వీసులో మొదటిసారి సొంతపని మీద వచ్చాడు. డెస్క్ నైన్‌లో పెళ్లి చేసుకోవాలంటే పర్మిషన్ కావాలి. నెల కిందట ఫారం నింపి, ఫాదర్‌గారు రాసిచ్చిన పెళ్లి ప్రకటన కాగితం దానికి పిన్ను కొట్టి మరీ పంపాడు. కథోలికుల్లో వధూవరుల పేర్లు మూడు ఆదివారాలు గుడిలో చదువుతారు. రెండు అయిపోయాయి. రేపు మూడోది. పర్మిషన్ ఒక్కటీ చేతికొస్తే పిల్లకి తెల్లచీర కూడా ఇక్కడే కొనేద్దామనుకున్నాడు పాపం.

"పర్మిషన్ సంగతి తర్వాత. ముందు అసైన్‌మెంట్" అన్నాడు చీఫ్.

ట్యాబ్‌లో ఒక తెల్లవాడి ఫొటో. బట్టతల, నీలం కళ్లు, పెళ్లికొచ్చిన చుట్టంలాంటి నవ్వు.

"ఎర్విన్ క్రోల్. టూరిస్టు వీసా. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో వీడి ముఠా ఎక్కడో పేలుడు పెట్టేసింది. రాత్రి నుంచి మనవాళ్లు వెతుకుతున్నారు, దొరకలేదు. షిఫ్టులో వెయ్యిమంది ఉంటారు. వాళ్లని బయటికి పంపిస్తే ముఠా అప్పుడే పేల్చేస్తుంది. ఇవాళ పదీ నలభైకి ట్రిగ్గర్. స్టేషన్ ఎదురుగా కనిపించే ఎత్తు నుంచే అది పనిచేస్తుంది. కొండపల్లి కొండల మీద అలాంటి వ్యూ పాయింట్ ఒక్కటే."

"ఇప్పుడే పట్టేసుకుంటే?"

"ట్రిగ్గర్ వాడి గదిలో లేదు, సామాన్లలో లేదు. దారిలో ఎవరో అందిస్తారు. అది దొరక్కుండా వాణ్ణి పట్టుకుంటే ఇంకొకడు నొక్కుతాడు. వ్యూ పాయింట్‌కి దారి కూడా ఒక్కటే. క్వాడ్ బైక్ టూర్."

డేనియల్ మొహంలో నవ్వు ఆగిపోయింది. ఆ టూర్‌కి గైడు వినీల. అతను చేసుకోబోయే పిల్ల.

చీఫ్ ఒక కాగితం ముందుకు తోశాడు. అదే, ప్రకటన కాగితం. "వధువు గాదె తెరేసమ్మ, తండ్రి లాజరు. ఎవరీ తెరేసమ్మ?"

"వినీలే సార్. అది జ్ఞానస్నానం పేరు. మావాళ్లలో ఇంట్లో పిలిచేది ఒకటి, రిజిస్టర్లో రాసేది ఒకటి."

"ఆ పేరుతోనే నాలుగేళ్ల కిందట మస్కట్‌లో ముఠా కొరియర్ ఒకతె మాయమైంది. మేం వెతకని చోటు లేదు. చివరికి నువ్వే పిన్ను కొట్టి పంపించావు."

డేనియల్ ఆ కాగితం అందుకోబోయాడు. చీఫ్ వేలు కింద లైను మీదికి జరిగింది. "వరుడు ఫిన్నీ, ఇన్సూరెన్స్ ఏజెంట్. గుడిలో కూడా కవర్ పేరే ఇచ్చావు. శభాష్."

ఆ శభాష్ అతనికి చెంపదెబ్బలా తగిలింది. పెళ్లయ్యాక నిజం చెబుదాంలే అనుకున్నాడు. అప్పటిదాకా ఫాదర్‌గారి ముందు, దేవుడి ముందు ఫిన్నీ అనే చెప్పాడు మహానుభావుడు!

"వాణ్ణి కొండ మీదికి తీసుకెళ్లేది ఆమే. ఆమె వాడి మనిషి" అన్నాడు చీఫ్, తెల్లచీర ఒకటి మడతపెడుతూ. "అడ్డొస్తే ఎవరని చూడకు."

కెమెరా ఉన్న నల్లకళ్లజోడు, హెల్మెట్‌లో దూర్చుకునే స్పీకర్, మైకు, జాకెట్ కింద చిన్న పిస్తోలు. అవి తీసుకుని బయటికొచ్చాడు. వారధి దాటాడు, బెజవాడ దాటాడు. దారిలో ఏం చూశాడో అడిగితే చెప్పలేడు. ఎనిమిది నెలల కిందట ఇదే టూర్‌కి వచ్చి, ముళ్లపొదలో బండితో సహా పడ్డాడు. పైనుంచి ఒకమ్మాయి పడీపడీ నవ్వి, "ఇన్సూరెన్స్ ఏజెంటుగారూ, మీకు ఇన్సూరెన్స్ ఉందా?" అని అడిగింది. ఆ నవ్వు కోసమే తర్వాత ఆరు వారాలు వరసగా వచ్చాడు. అదంతా నాటకమా? ఆమె వైపు నుంచి ఒక్కరోజైనా నిజం లేదా? మనసు ఒప్పుకోవడం లేదు, ఉద్యోగం ఊరుకోవడం లేదు.

కొండ కింద క్యాంపులో వినీల ఎర్ర హెల్మెట్ చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. ఖాకీ జాకెట్, బిగించి కట్టిన జుట్టు, కళ్లకి సన్నటి కాటుక. సినిమా వాళ్లు చూస్తే వదలరు. డేనియల్‌ని చూడగానే ఆమె మొహం పాలిపోయింది.

"శనివారం రావొద్దన్నానుగా" అంది గొంతు తగ్గించి.

"రేపు మూడో ప్రకటన. నిన్ను చూడకుండా ఉండలేకపోయా."

అందులో సగం అబద్ధం. మిగతా సగం ఎంత నిజమంటే, చెబుతుంటే అతనికే ఏడుపొచ్చింది. వినీల దగ్గరికొచ్చింది. అతని గడ్డం కింద హెల్మెట్ బకిల్ తనే పెట్టింది. ఆమె వేళ్లు చల్లగా ఉన్నాయి.

క్రోల్ అప్పటికే రెడీ. టూర్ మొదలయ్యే ముందు టూరిస్టుల్ని బొమ్మల షాపుకి తీసుకెళ్లడం ఇక్కడి ఆనవాయితీ. అక్కడ కొన్న అంబారీ ఏనుగు బొమ్మని సంచీలో పెట్టుకుని, వెన్నుకి తగిలించుకున్నాడు.

వినీల గైడు గొంతులోకి మారిపోయింది. ముందు క్రోల్‌కి ఇంగ్లీషులో చెప్పి, ఆ తర్వాత తెలుగులో అంది: "బండ్ల చప్పుడులో నా మాట వినపడదు. నా చెయ్యి మాటే మాట. అరచెయ్యి కిందికి ఊపితే నెమ్మది. హెల్మెట్ మీద తట్టుకుంటే నేను బాగానే ఉన్నానని. పిడికిలి పైకెత్తితే ఎక్కడివాళ్లు అక్కడ ఆగాలి. ముందు ఆగాలి, తర్వాత అడగాలి." ఆఖరి మాట అంటున్నప్పుడు ఆమె డేనియల్ వైపే చూసింది. అతను కళ్లజోడు సర్దుకున్నాడు.

మూడు బండ్లు కదిలాయి. ముందు వినీల, మధ్యలో క్రోల్, చివర డేనియల్. వానలు వెలిసి పది రోజులైంది. లోయంతా కడిగిపెట్టినట్టు పచ్చగా ఉంది. దారికి రెండువైపులా సీతాఫలం చెట్లు, రాళ్ల మధ్య నుంచి జారే నీళ్లు, మలుపు తిరిగినప్పుడల్లా దూరంగా మెరుస్తున్న కృష్ణ. పెళ్లయ్యాక ఈ లోయలోనే ఒక ఆదివారం అన్నం మూట కట్టుకుని వద్దామనుకున్నారు. చేపల పులుసు తను వండుతానని మాటిచ్చాడు కూడా. ఇప్పుడు ఆమె వీపు మీదే కళ్లు పెట్టుకుని, పిస్తోలు తడుముకుంటూ పోతున్నాడు. ఇంతకంటే దౌర్భాగ్యం ఉంటుందా?

పదీ ముప్ఫై. ఏటవాలు ఎక్కుతున్నారు. ముందున్న క్రోల్ వీపు మీది సంచీ కుదుపు కుదుపుకీ ఎడమపక్కకి లాగేస్తోంది.

డేనియల్ ఉలిక్కిపడ్డాడు. కొండపల్లి బొమ్మలు తెల్లపొణికి కర్రతో చేస్తారు. ఎంత ఏనుగైనా చేతిలో పెడితే బరువే తెలియదు. ఈ ఏనుగు మాత్రం ఇటుకరాయిలా వేలాడుతోంది. వాణ్ణి ఆ షాపుకి తీసుకెళ్లింది ఎవరు? వినీల.

"సార్, ట్రిగ్గర్ బొమ్మలో ఉంది" అన్నాడు మైకులో.

"పట్టుకో" అంది స్పీకర్.

డేనియల్ బండి వేగం పెంచాడు. సరిగ్గా అప్పుడే, మలుపు దగ్గర, వినీల పిడికిలి పైకెత్తింది.

ముందు ఆగాలి, తర్వాత అడగాలి. అతని చెయ్యి బ్రేకు మీదికి వెళ్లింది. వెళ్లి ఆగింది. ఆమె వాడి మనిషి. తనని ఇక్కడ ఆపేసి, వాణ్ణి పైకి పంపిస్తోంది. అలా అనుకున్నాడు. ఎనిమిది నెలల మనిషిని పక్కనపెట్టి, మూడున్నర గంటల కిందటి ఫైలుని నమ్మాడు. ఆగలేదు.

క్రోల్ కూడా ఆగలేదు. వినీల వెనక్కి తిరిగి చూసింది. దూసుకొస్తున్న డేనియల్‌ని చూడగానే నడుముకున్న చిన్న రిమోట్ నొక్కింది. గైడు దగ్గరుండే స్విచ్ అది. టూరిస్టు బండ్లు రెండూ ఒక్కసారిగా చచ్చి ఊరుకున్నాయి.

క్రోల్ దూకి పరిగెత్తాడు. పక్కనే ఉన్న వ్యూ పాయింట్ మెట్ట మీదికి యాభై గజాలు. డేనియల్ వెనకాలే పరుగు. గస పోస్తూ పిస్తోలు గురిపెట్టాడు కానీ వాడికి అవతల అదే వరసలో ఎర్ర హెల్మెట్. వినీల తన బండిని అడ్డంగా తిప్పి, సరాసరి క్రోల్ దారిలోకి తోలింది. వాడు గుద్దుకుని పడ్డాడు. బండి పల్టీ కొట్టి ఆమె కాళ్ల మీద పడింది. సంచీ తెగి ఏనుగు రాళ్ల మీద దొర్లింది. నెత్తురు కారుతున్న చేత్తో క్రోల్ దాన్ని అందుకుని పైకెత్తాడు. ఎదురుగా థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

డేనియల్ వాడి మీద పడ్డాడు. ఏనుగు కిందపడింది. బూటు కాలితో ఒకటే తొక్కు. అంబారీ విరిగింది, ఏనుగు పగిలింది, లోపలి సర్క్యూట్ నుగ్గునుగ్గయింది. టైము పదీ ముప్ఫై తొమ్మిది, యాభై ఎనిమిది సెకన్లు. కింద వెయ్యిమందికీ ఏమీ తెలియలేదు. టీ బ్రేకుకి ఇంకా టైముందని తిట్టుకుంటూ ఉండి ఉంటారు.

క్రోల్ చేతులు కట్టేసి, డేనియల్ వినీల దగ్గరికి ఉరికాడు. బండి ఎత్తి పక్కకి తోశాడు. ఆమె కుడికాలు వంకర తిరిగిపోయి ఉంది. పెనుగులాటలో అతని హెల్మెట్ ఊడి రాళ్ల మీద పడి ఉంది. అందులోంచి చీఫ్ గొంతు అరుస్తోంది: "డేనియల్! డేనియల్, రిపోర్ట్!"

వినీల ఆ హెల్మెట్ వైపు చూసింది. తర్వాత అతని మొహంలోకి చూసింది.

"డేనియల్ ఎవరండీ?"

అతను హెల్మెట్ అందుకుని స్పీకర్ ఆపేశాడు.

"పిడికిలి ఎత్తాను కదా, ఎందుకు ఆగలేదు?" అంది, పళ్లు బిగబట్టి. "ఆ మలుపు అవతల వానకి దారి కోసుకుపోయింది. టైము దగ్గర పడింది, వాడెలాగూ ఆగడు. నేను తప్పుకుంటే వాడొక్కడే గోతిలో పడేవాడు. మీరు ఆగుతారనుకున్నా. ఆగకపోయేసరికి మీరు కూడా పడతారని స్విచ్ నొక్కా."

"వినీలా... నువ్వు వాడి మనిషివని..."

"మీవాళ్లు నాకు వేరే చెప్పారు. నెల కిందట ఇంటికొచ్చారు. వాడితో మళ్లీ కలిసినట్టు నటించు, ఈ ఒక్కసారి పట్టించు, కేసులన్నీ కొట్టేస్తాం, హాయిగా పెళ్లి చేసుకో అన్నారు. నేను ఎలా దొరికానో మాత్రం చెప్పలేదు."

చెప్పకుండా ఉండొచ్చు. పదేళ్లుగా అతను చేసిన ఉద్యోగమే అది. కానీ ఆ పూట చేతకాలేదు. "నావల్లే" అన్నాడు. "పర్మిషన్ కోసం ప్రకటన కాగితం పంపాను. అందులో నీ పేరుంది."

వినీల కళ్లలో నీళ్లు కాటుకతో కలిసి చెంపల మీదికి జారాయి.

"దొంగపేరుతో చేసుకుంటే అది పెళ్లెలా అవుతుందండీ? అందుకే ఫాదర్‌గారికి నిజం పేరిచ్చా. ఈ నాలుగేళ్లలో ఆ ఒక్కచోటే ఇచ్చా. మరి మీరు?"

కింద లోయలో నీళ్ల చప్పుడు వినిపిస్తూనే ఉంది. అతను ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె మెల్లిగా వెనక్కి తీసుకుంది.

స్ట్రెచర్ వచ్చింది. మోసుకెళుతుంటే డేనియల్ వెనకాలే పరిగెత్తాడు. బాగానే ఉన్నానని ఒక్కసారి తల మీద తట్టుకుంటుందేమోనని ఆశ. ఆమె చెయ్యి పైకి లేచింది. పిడికిలి.

ఈసారి ఆగాడు.

చీఫ్ ఆ సాయంత్రం షాపులో టీ ఇచ్చాడు. "నిజం చెబితే నువ్వు ఆమెను చూసే చూపులోనే క్రోల్ పసిగట్టేవాడు. అందుకే చెప్పలేదు. ఆమె అడ్రసు ముఠాకి లీక్ చేసింది కూడా మేమే. ఆపరేషన్ సక్సెస్, డేనియల్."

"ఆమె ఎక్కడుంది సార్?"

"కాలు నయమవుతుంది. కొత్త ఊరు, కొత్త పేరు. అది నీకు చెప్పడానికి రూల్స్ ఒప్పుకోవు. నువ్వు వెతుకుతావేమోనని ఆమే అంది. వద్దని చెప్పమంది."

డేనియల్ టీ గ్లాసు అలాగే పెట్టేసి లేచాడు.

ఆదివారం పూజకి గుడి నిండుగా ఉంది. ఫాదర్ అంతోనిగారికి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆయన మామూలుగానే కళ్లజోడు పెట్టుకుని చదివారు: "మూడవ ప్రకటన. వరుడు ఫిన్నీ. వధువు గాదె తెరేసమ్మ, తండ్రి లాజరు. ఈ వివాహానికి అడ్డంకి ఏదైనా ఎవరికైనా తెలిసినట్లయితే ఈ గుడి విచారణ గురువుకు తెలియజేయవలెను."

వెనక బెంచీలోంచి డేనియల్ లేచి నిలబడ్డాడు. ఆడవాళ్ల వైపు గుసగుసలు మొదలయ్యాయి.

"ఏంటి బాబూ?" అన్నారు ఫాదర్‌గారు కంగారుగా. "అమ్మాయి మీద ఏమైనా అభ్యంతరమా?"

"కాదండీ. వరుడి మీద." చేతులు కట్టుకున్నాడు. "వరుడి పేరు తప్పండి. ఫిన్నీ కాదు. డేనియల్. అమ్మాయి ఇచ్చినవన్నీ నిజమేనండీ."

ఫాదర్‌గారు కళ్లజోడు పైనుంచి అతన్ని చూశారు. తర్వాత పెన్ను తీసి, కాగితం మీద ఒక పేరు కొట్టేసి ఇంకొకటి రాశారు. డేనియల్ కూర్చుని రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. పక్కాయన ఎందుకని అడగకుండా కొంచెం జరిగి చోటిచ్చాడు.

ఆఫీసు మాత్రం తన పద్ధతి తప్పలేదు. సోమవారం పొద్దున్నే పెళ్లికి పర్మిషన్ మంజూరై వచ్చింది, వరుడి పేరు ఫిన్నీ అని.