ఒక సూత్ ఎడం

"పసుపు కొమ్ములున్నయా సేటూ?"

"విరిగినయా, విరగనియా?"

"రెండూ కలిపి ఇయ్యి."

కోడ్ సరిపోయింది. వైకుంఠం గద్దె దిగి, ప్రకాశాన్ని మిర్చి బస్తాల వెనక్కి తీసుకెళ్లాడు. గౌలిపురలో ఆ టోకు దుకాణం వెనక గోదాములోనే దేశ రహస్య శాఖ హైదరాబాద్ బ్రాంచి ఉందనీ, పొద్దస్తమానం తుమ్ముతూ కూర్చునే ఆ సేటే దాని చీఫ్ అనీ 1974 నాటికి ఏ గిరాకీకీ తెలియదు. ప్రకాశానికి తెలుసు. అతను ఏజెంట్ పదకొండు. అంతకుముందు ఆయుధాల కార్ఖానాలో ఫిట్టరు. ఇప్పటికీ బ్రాంచి వాడే తూటాలన్నీ అతని చేత్తో నింపినవే.

"రైఫిల్ పోయింది," అన్నాడు వైకుంఠం. "గురి కోసం నువ్వు తయారు చేసినవే, గదే. తూటాలు మాత్రం ఈడ్నే ఉన్నయి. లీల గూడ పోయింది. ఢిల్లీ పంపిన ఆఫీసర్ అనుకున్నం. డబుల్ ఏజెంట్."

ప్రకాశం చూపు మిర్చి బస్తాల మీదికి తిప్పుకున్నాడు.

"టార్గెట్ డాక్టర్ రామ్‌చందర్. రాడార్ సైంటిస్ట్. రేపు పగటీలి ఛత్రినాకల వాళ్లమ్మ బోనం ఎత్తుకుంటది. కొడుకు పక్కపొంటి నడుస్తడు. నాకు ఒక్కటే చెప్పు. ఆ రైఫిల్ తూటా లెక్క నీకు గాక ఇంకెవరికన్న ఎరుకేనా?"

ఆ లెక్క కోసం ప్రకాశం నలభై రోజులు కష్టపడ్డాడు. మందు పోసిన ఇత్తడి గొట్టంలో, అంటే ఖోకాలో, తూటాను ఎంత లోతుకు దించాలన్నదే లెక్క. లోతు మారితే, తూటాకీ బారెల్లో గాడులు మొదలయ్యే చోటికీ మధ్య ఎడం మారుతుంది. ఆ ఎడం వీలైనంత తక్కువుండాలని పుస్తకాలన్నీ చెబుతాయి. ఈ రైఫిల్ ఆ పుస్తకాలేవీ చదవలేదు. ప్రకాశం కొంచెం కొంచెంగా లోతు పెంచుతూ, ఒక్కో లోతుకు ఐదేసి తూటాలు పేల్చి, కాగితం మీద రంధ్రాలు కొలుచుకుంటూ పోయాడు. చాటంత మేర చెదిరే రంధ్రాలు ఒక్క లోతు దగ్గర మాత్రం రూపాయి బిళ్ల కింద ఇమిడిపోయాయి.

"లేదు సార్," అన్నాడు. "నాకొక్కనికే ఎరుక."

వైకుంఠం ఊపిరి పీల్చుకున్నాడు. "అయితే ఫికర్ లేదు. లెక్క లేకుంటే ఆ రైఫిల్ ఉత్త కట్టె. బోనం ఆపొద్దు, ఇద్దరు కాపలా మనుషులు చాలు." వెళ్లబోతున్నవాణ్ణి మళ్లీ పిలిచాడు. "కొలతలన్నీ మిల్లీమీటర్లల రాయమని ఢిల్లీ సర్క్యులర్ పంపి రెండేండ్లాయె. జవాబెప్పుడు రాస్తవయ్యా?"

"రాస్త సార్."

బయటికొచ్చిన ప్రకాశానికి తన ముఖం తనకే చూపించుకోవాలనిపించలేదు. ఇరవై ఏళ్ల సర్వీసులో అతని పని గురించి ఎవరూ అడగలేదు. లీల అడిగింది. నల్లకళ్లద్దాలు నెత్తి మీదికి తోసుకుని, నూనె మరకల బల్ల మీద మోచేతులాన్చి, "మీ చేతుల్లో ఇంత విద్య ఉందా ప్రకాశం గారూ?" అంది. తర్వాత ఏదో దేశపు బడిలో నేర్చుకున్న శుభ్రమైన ఉర్దూలో, ఎడం ఎంత వదలాలని అడిగింది. మెచ్చుకోలుకి ఉబ్బిపోయి, "ఏక్ సూత్ ఛోడ్నా, బస్," అనేశాడు. ఆమె లిప్‌స్టిక్ తీసింది. అందులో కెమెరా ఉండి ఉంటుందని ఇప్పుడు తట్టింది. అప్పుడు మాత్రం, ఆమె తనకోసమే అలంకరించుకుంటోందనుకున్నాడు. నలభై ఎనిమిదేళ్ల మనిషి! తల్చుకుంటే చెవులు కాలిపోయాయి.

చీఫ్‌కి నిజం చెబితే ఉద్యోగం పోతుందని కాదు అతని భయం. నవ్వుతారని. ఆ నవ్వుకు వెరచి ఒక మనిషి ప్రాణాన్ని ఇద్దరు కాపలావాళ్లకు వదిలేశాడు.

మర్నాడు ఛత్రినాకలో డప్పులు మోగుతున్నాయి. ఏటా పోతరాజు వేషం కట్టే సాయిలును బతిమాలి, ఆ వేషం ప్రకాశమే కట్టాడు. ఒంటినిండా వైకుంఠం దుకాణపు పసుపు, నడుముకు వేపమండలు, కాళ్లకు గజ్జెలు. చేతిలోని కొరడా పిడిలో ట్రాన్స్‌మిటర్. పసుపు మందంగా ఉండడం అతనికి మేలే అనిపించింది.

గుడి మెట్లు కనిపించేలా మూడొందల గజాల్లోపు ఎత్తయిన మేడ ఒక్కటే ఉంది. పండక్కి మూసేసిన పప్పు మిల్లు. అటు పరుగెత్తబోయాడు. ఎదురుగా బోనం ఎత్తుకున్న ముసలామె ఆగిపోయింది. పక్కన రామ్‌చందర్. ఆమె అతని తల్లి నీలమ్మ.

బోనం కొడుకు చేతికిచ్చి, ప్రకాశం పాదాల మీద చెంబెడు నీళ్లు పోసి, వంగి మొక్కింది. "నా కొడుకును సల్లగ జూడు, పోతరాజా."

ప్రకాశం అక్కడే కూలబడి ఆమె కాళ్లు పట్టుకోవాలనుకున్నాడు. వ్యవధి లేదు. కొరడా ఝళిపించి, జనాన్ని చీల్చుకుంటూ మిల్లు వైపు పరుగెత్తాడు. పిడిలోని మీట నొక్కి, "మిల్లు డాబా, మిల్లు డాబా" అని అరిచాడు.

మిల్లు డాబా మీద లీల బైనాక్యులర్స్ పట్టుకుని ఉంది. పక్కన ఆమె తెచ్చిన తెల్లదొర ఒకడు రైఫిల్ సర్దుకుని పడుకున్నాడు. తూటా చాంబర్‌లో ఉంది. మెట్ల మీద గజ్జెల చప్పుడు విని లీల కంగారుపడింది. "ఎవరో వస్తున్నారు! తీసెయ్, దాచెయ్!"

దొర బోల్ట్ లాగాడు. ఖోకా ఒక్కటే బయటికొచ్చింది. మందు జలజలా రాలి రైఫిల్ లోపలంతా పడింది. తూటా మాత్రం బారెల్లోనే ఇరుక్కుపోయింది.

తలుపు దగ్గర పసుపు మనిషిని చూసి లీల తేలిగ్గా నవ్వింది. "పోతరాజు! ఈనాం కోసం వచ్చాడు." కింద రామ్‌చందర్ గుడి మెట్లెక్కుతున్నాడు. "కానివ్వు, ఇదే ఛాన్స్!"

దొర రెండో తూటా తోశాడు. బోల్ట్ మూతపడలేదు. మళ్లీ తోశాడు. అప్పుడు ప్రకాశం కొరడా అతని మణికట్టుకు చుట్టుకుంది. రైఫిల్ దూరంగా పడింది. అతని మీద మోకాలానించి ప్రకాశం కింద పడ్డ తూటా తీసి చూశాడు. ఖోకాలో తూటా ఉండాల్సినంత లోతుకు దిగలేదు. ఏం జరిగిందో అర్థమైంది.

"మేడం, సూత్ అంటే ఏందనుకున్నరు?"

ఆ గొంతు గుర్తుపట్టి లీల పాలిపోయింది. "దారం. డిక్షనరీలో చూశాను. దారమంత ఎడం."

"డిక్షనరీల దారమే. మా మిస్త్రీల నోట్ల అంగుళంల ఎనిమిదో వంతు," అన్నాడు ప్రకాశం. "దారమంత అంటే ఎడం ఉంచనట్టే. తూటా పోయి గాడులల్ల కరుచుకున్నది."

కాపలావాళ్లు పైకొచ్చేసరికి కింద నీలమ్మ బోనం గుళ్లోకి చేరింది.

సాయంత్రం గోదాములో వైకుంఠం రిపోర్టు రాస్తూ పొంగిపోతున్నాడు. "మస్తు ప్లాన్ ఏసినవ్ ప్రకాశం! శత్రువుకు కావాలనే తప్పు లెక్క అందించినవ్. మెడల్‌కు సిఫారసు చేస్తున్న."

ప్రకాశం చెవి వెనక ఇంకా పసుపు అంటుకునే ఉంది. పాదాల మీద ఆ చెంబెడు నీళ్ల చల్లదనం కూడా పోలేదు.

"నేను తప్పు లెక్క చెప్పలే సార్. సరైనదే చెప్పిన. మెచ్చుకున్నది, చెప్పేసిన. నిన్న మీకు అబద్ధమాడిన. ఆమెకు సమజ్ గాక ఆ డాక్టర్ పిలగాడు బతికిండు గని, నా వల్ల కాదు."

వైకుంఠం నవ్వలేదు. రాసిన కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు.

"రేపటి నుంచి నీకు ఫీల్డ్ డ్యూటీ బంద్. వర్క్‌షాపుల కూసో."

"సరే సార్." మెడల్ కంటే అదే తేలిగ్గా అనిపించింది. తలవంచుకుని గుమ్మం దాటబోతుంటే వెనకనుంచి చీఫ్ తుమ్మి, పిలిచాడు.

"పోయెటప్పుడు గా సర్క్యులర్‌కు జవాబు రాసి పో. దేశ భద్రత దృష్ట్యా ఈ బ్రాంచిల ఇంక కొన్నేండ్లు సూతులే నడుస్తయని రాయి."