చేప మీద పట్టాల్సిన లైటు

"లైటు చేప మీద పట్టమంటే నా మీద పట్టావేంది?"

తహసీన్ నీళ్లలోంచి తల పైకెత్తి, మాస్కు తీసీ తీయకముందే అన్న మాట అది. పక్కనే తేలిన ముబారక్ నేలచూపులు చూశాడు. చూడటానికి నేల ఎక్కడుంది, మెడదాకా నీళ్లు తప్ప.

పిడుగురాళ్ల దగ్గర వానకు నిండిన పాత సున్నపురాయి క్వారీ అది. రేపు పొద్దున్నే మోటార్లు పెట్టి తోడేస్తారు. లోపల పిల్లల్ని కాచుకుంటున్న కొర్రమీను ఒకటుంది. చీకటి పడ్డాక దాన్ని ఫొటో తీయగలిగితే తహసీన్‌కు అండమాన్‌లో అండర్‌వాటర్ ఫొటోగ్రఫీ ట్రైనింగ్ సీటు వచ్చినట్టే. ఈ ఒక్క సాయంత్రమే మిగిలింది.

చీకటి నీళ్లలో కెమెరాకు ఏదీ ఆనదు. చేప బెదరకుండా ఎర్రటి ఫోకస్ లైట్ దాని మీద నిలపాలి. ఆ వెలుగులో లెన్స్ చేపను పట్టుకుంటే మిగతాది ఫ్లాష్ చూసుకుంటుంది. కెమెరాకు లైటు బిగించే క్లాంప్ విరగడంతో, బావుల్లో దిగి మోటార్లు బాగుచేసే ముబారక్‌ను తహసీన్ తోడు తెచ్చుకుంది. డైవింగ్ అతనికి తనే నేర్పింది.

గట్టున ఆమె తల్లి గుల్జార్ బేగం పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజు ముగించి ఫ్లాస్కు మూత తిప్పుతోంది. కూతురి కోపం ఆమెకు కొత్త కాదు. తీరిగ్గా టీ పోసుకుంది.

"చూడు, అన్నీ మసకే." తహసీన్ కెమెరా అతని ముఖం ముందు పెట్టింది. "నేను సెలెక్ట్ కాకూడదనే కదా ఇట్టా చేశావు?"

ముబారక్ ముఖం పాలిపోయింది. "అంతమాట అనమాక."

"మరేమనుకోవాల?"

"బావిలో మనిషుంటే పైనోడు లైటు ఆ మనిషి మీంచి తియ్యకూడదు. చిన్నప్పుడు మా అబ్బా నాకు నేర్పింది అదే. లైటు చేప మీదే పట్టాలనుకుంటా. నువ్వు చీకట్లోకి జరగంగానే చెయ్యి నీవైపు తిరుగుద్ది."

ఆమె కోపం సగం దిగింది. మిగతా సగం మొండిది. "నేనేమన్నా నీ మోటారునా?"

"మోటారుకు ఇంత భయపడను. నువ్వు అండమాన్ పోవాలనే నేను నీళ్లలో దిగింది. కానీ కాసేపు కనపడకపోతే ఊపిరాడట్లా. చానా ఇష్టం నువ్వంటే. ఎట్టా చెప్పాలో తెలవక ఊరుకున్నా."

తహసీన్ అతని ముఖం ముందునుంచి కెమెరా దించింది.

"నీ బావి తాడు తెచ్చావా?" అంది.

"గట్టున సంచిలో ఉంది."

గట్టు దగ్గరికెళ్లి తాడు తీసి, ఒక కొస తన నడుముకు, రెండో కొస అతని నడుముకు తనే కట్టింది. "నేనున్నానని ఇది చెప్తది. నువ్వు చేపను చూడు."

మళ్లీ మునిగారు. ఈసారి ఎర్రటి వెలుగు కొర్రమీను తల మీద నిలిచింది. దాని పొట్ట కింద పిల్లలు గుంపుగా కదులుతున్నాయి. నడుము దగ్గర తాడు మెల్లగా బిగుస్తూ వదులవుతూ ఉంది. ముబారక్ తల తిప్పలేదు. ఫ్లాష్ మెరిసింది.

పైకొచ్చి తెర చూసుకున్న తహసీన్ కెమెరా అతని వైపు తిప్పింది. "వచ్చింది ముబారక్. కన్ను కూడా ఎంత స్పష్టంగా ఉందో చూడు."

అతను నవ్వాడు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "అయితే పోతావు."

"పోతా. ఆర్నెల్లలో వస్తా." కెమెరాను గుండెకు హత్తుకుంది. "నాకూ నువ్వంటే ఇష్టమే. ఆగుతావా?"

"ఆగుతాడులే," అంది గుల్జార్ బేగం గట్టు మీంచి. "నీళ్ల మీద మాట ఎంత దూరం వినపడుద్దో మీకు తెలవదు. మొదట్నుంచీ వింటూనే ఉన్నా. ఒరేయ్ ముబారక్, రేపు మీ అమ్మను మా ఇంటికి రమ్మను."

"సరే ఖాలా" అనబోయి ముబారక్ గుక్కెడు క్వారీ నీళ్లు మింగాడు.