రేగుకంప వేసిన గుమ్మం

అగ్రహారం సందు చివర పెంకుటిల్లు మూడు నెలలుగా తాళం వేసి ఉంది. ఆ ఇంటి కామేశ్వరమ్మగారు మంచి నక్షత్రంలో పోలేదట. ఆర్నెల్లు ఇల్లు వదిలెయ్యాలన్నారు పంతులుగారు. ఇంకేముంది, కొడుకూ కోడలూ సామాను సర్దుకుని, గుమ్మానికి అడ్డంగా రేగుకంప పడేసి, వేరే ఊళ్ళో అద్దెకి దిగారు. అప్పట్నుంచీ దీపాలు పెట్టే వేళయితే అటువైపు కుక్క కూడా వెళ్ళదు.

ఆరోగ్యమ్మ వెళ్ళింది. పాపం, ఇంకెక్కడికని వెళ్తుంది?

మోకాళ్ళు పట్టేసేదాకా యానాం బజార్లో చేపలమ్మిన మనిషి. మొగుడు ఇన్నయ్య పోయాక అడవిపొలం పేటలో ఒంటిగది అద్దెకి తీసుకుని గుట్టుగా బతికింది. ముసురు మొదలవగానే దగ్గు పట్టుకుంది. దాంతో ఇంటిగలాయన అమ్మిరాజు గుండెల్లో రాయి పడింది.

“ఏమనుకోకు పిన్నీ. నీకేదన్నా అయ్యి, అది మంచి టైము కాకపోతే మేం ఇల్లు వదిలెయ్యాలి. పిల్ల పెళ్ళి పెట్టుకున్నాం.”

“మాకు నక్షత్రాల పట్టింపు లేదు కదా బాబూ!”

“ఇల్లు మాది కదా పిన్నీ.”

ఆటో తనే పిలిచి ఎక్కించాడు. ఏం మర్యాదో!

అప్పట్నుంచీ బస్టాండులో సంచీ ఒళ్ళో పెట్టుకుని, బస్సు కోసం చూస్తున్నదానిలా కూర్చునేది. ఏ ఊరని అడిగితే కాకినాడ అనేది. బస్సులు వచ్చేవి, పోయేవి. ఆకలికి ఓర్చుకుంది గానీ, తెలిసినవాళ్ళు కనిపిస్తే కొంగు మొహమ్మీదకి లాక్కోవాల్సి రావడం ఆవిడకి చచ్చే సిగ్గయిపోయింది. నిన్న కండక్టరు, “ఇవాళ కూడా కాకినాడేనా మామ్మగారూ?” అని నవ్వాడు. మరి అక్కడ కూర్చోలేకపోయింది.

ఈ సాయంత్రం గోదారి మీంచి వాన తోసుకొస్తుంటే ఆ అరుగెక్కింది. దెయ్యానికి భయపడాలన్నా ముందొక ఇల్లుండాలి కదా, అనుకుంది.

కరెంటు పోయింది. తడిసిన పెంకుల వాసన, మూసిన గదుల ముక్క వాసన, ఆ రెంటి మధ్య అప్పుడే వెలిగించినట్టు అగరొత్తి వాసన. జల్లు అరుగంతా తడిపేసింది. గుమ్మం దగ్గరే కాస్త పొడిగా ఉంది. సిలువ గుర్తు వేసుకుని, రేగుకంప పక్కకి లాగి, తలుపుకి వీపు ఆనించి కూలబడింది.

దగ్గు తెర వచ్చింది. ఆగాక... లోపల ఎవరో పీట జరిపారు.

వానలే, అనుకుంది. కాదు. అడుగులు. నేలమీద ఈడ్చుకుంటూ... వంటింట్లోంచి... తలుపు దాకా. ఆగాయి.

“ఎవరమ్మా అది?”

సరిగ్గా తన చెవి ఎత్తులోంచి వచ్చింది ఆ గొంతు. లోపలావిడ కూడా తలుపుకి ఆనుకునే కూర్చుంది.

ఆరోగ్యమ్మ సంచీ దగ్గరికి లాక్కుంది. “నేనండీ... వాన తగ్గగానే ఎల్లిపోతానండి.”

“ఎక్కడికి?”

కాకినాడ అనబోయింది. నోరు రాలేదు. ఇన్నాళ్ళూ ఆపుకున్న ఏడుపు ముంచుకొచ్చింది.

“ఎక్కడికీ లేదండి...”

“నన్నూ వదిలేసి పోయారు... లోపలికి రా.”

“మళ్ళీ పొమ్మంటారేమోనండి.”

గొంతు తలుపు సందుకి ఇంకా దగ్గరైంది. చాలా మెల్లగా...

“పొమ్మనను. పోనివ్వను కూడా.”

తాళం కదల్లేదు. గొళ్ళెం చప్పుడవలేదు. వీపు వెనక తలుపు మాత్రం... లోపలికి జరిగింది.

తూలిపడబోయి లేచి నిలబడింది. పారిపోవాలి... ఒక్క అడుగు వేసింది కూడా. ముందు మోకాల్లోతు నీళ్ళు. ఆ పైన బస్టాండు. కండక్టరు నవ్వు. వెనక్కి తిరిగింది. ఎవరింటికి వెళ్ళినా చేసే పనే చేసింది.

చెప్పులు విడిచింది.

తెల్లారి పక్కింటికి పాలు పొయ్యడానికొచ్చిన జోసెఫిన్ ఆ ఇంటి ముందు ఆగిపోయింది. తాళం వేసినట్టే ఉంది. రేగుకంప గుమ్మానికి అడ్డంగా ఎప్పట్లాగే ఉంది. కంపకి ఇవతల అరిగిపోయిన చెప్పుల జత, ఇంట్లోకి వెళ్ళినవాళ్ళు విడిచినట్టు.

ఎవరివో అని వంగింది. లోపల ఎవరో దగ్గారు.

“మంచినీళ్ళు తాగమ్మా,” అంది ఇంకో గొంతు.