పైన ఎవరు?

మా బొగ్గుగని కాలనీలో రెండిళ్ళకి ఒకే గోడ. పక్కింట్లో పొయ్యిలో బొగ్గు వేస్తే మన వంటింట్లో వినిపిస్తుంది. గోడకి అవతల సబీనా, ఇవతల నేను. గని మూసేదాకా నేను లాంపు గదిలో పనిచేశాను. దిగే ప్రతివాడూ తన నంబరు బిళ్ళ నా చేతికిచ్చి దీపం తీసుకునేవాడు. పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకునేవాడు. బిళ్ళ కొక్కేనికి ఉండిపోయిందంటే మనిషి ఇంకా కిందే ఉన్నాడని లెక్క. ఆ పనిలో వేళాకోళానికి చోటు లేదు. పెత్రాకె అనే కార్మికుడు ఒక్కడు మాత్రం రోజూ, "ఏమే వెతూరియా, ఇవాళ కూడా నవ్వు సరుకు రాలేదా దుకాణానికి?" అనేవాడు. నేను దీపం అందించి వెనకవాణ్ణి పిలిచేదాన్ని.

నా బల్ల మీద ఒక ఫోను ఉండేది. కింది నుంచి మోగిందంటే అవతలివాడు అడిగే మాట ఒక్కటే: పైన ఎవరు? ఫోను ఎత్తీ ఎత్తగానే "లాంపు గది, వెతూరియా" అనాలి. ఆలోచించకూడదు. చీకట్లో ఉన్నవాడికి క్షణం మౌనం కూడా బరువే. ఉద్యోగం పోయాక కూడా ఎవరైనా గట్టిగా తలుపు కొడితే నా నోట ముందు ఆ మాటే వచ్చేది.

సబీనా భర్త అవ్రాం పోయిన ఏడాది గుండె ఆగి పోయాడు. గనిలో కాదు, పెరట్లో కట్టెలు కొడుతూ. నలభయ్యో రోజున సబీనా మా పద్ధతి ప్రకారం అతని వస్తువులు అతని పేరున దానం ఇచ్చింది. ఒక చేత్తో వెలిగించిన కొవ్వొత్తి, ఒక చేత్తో వస్తువు. తీసుకునేవాళ్ళు "దేవుడు అతన్ని క్షమించుగాక" అనాలి. అన్నప్పుడే ఆ వస్తువు అక్కడ అతనికి అందుతుంది. ఇక్కడ మనం వాడినంత కాలం అక్కడ అతను వాడుకుంటాడు. బూట్లు ఒకరికి, కోటు ఒకరికి వెళ్ళాయి. అవ్రాం షిఫ్టుకి పోతూ, వస్తూ జేబులో పెట్టుకుని పాటలు వినే పాత మ్యూజిక్ ప్లేయరు నాకిచ్చింది. సబ్బుబిళ్ళంత ఉంటుంది, వెనక రేకు, ముందు గుండ్రటి చక్రం. నాకు పాటల మీద మోజు లేదు. అయినా ప్రతి సాయంత్రం మేజోళ్ళు అల్లుతూ కాసేపు పెట్టేదాన్ని. దానం తీసుకున్నాక వాడకపోవడం దొంగతనం కిందికే వస్తుంది.

చలికాలం మొదట్లో అది మొరాయించింది. వెలిగి, కంపెనీ బొమ్మ చూపించి, అక్కడే బిగుసుకుపోయేది. గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టాను.

అవ్రాం పోయిన ఏడాదికి పెట్టిన భోజనాల్లో పెత్రాకె ప్లమ్‌పళ్ళ సారా రెండు గుక్కలు వేసి అసలు సంగతి బయటపెట్టాడు. ఆ ప్లేయరులో మాటలు రికార్డు చేసి పట్టే సదుపాయం కూడా ఉందట. స్నానాల గదిలో వాళ్ళు పాడే పాటలు అవ్రాం అందులో పట్టేవాడట. ఒకసారి సబీనా పేరు పండగకి, అంటే ఆమె పేరున్న పునీతురాలి రోజుకి, ఏదో చెప్పి దాచుకున్నాడట, వినిపించడానికి సిగ్గుపడి ఊరుకున్నాడట. అది విన్న సబీనా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

ఆమె అప్పటికే చిక్కి సగమైంది. తిండి లేదు. ఒకరోజు నా దగ్గర కూర్చుని చెప్పింది, అవ్రాం ముఖం గుర్తొస్తోందిగానీ గొంతు గుర్తురావడం లేదని. ఎంత తలుచుకున్నా పెదాలు కదులుతాయి, శబ్దం రాదు. ఆ గొంతు కూడా పోతే తనకి ఇక మిగిలేది ఏమీ లేదని అంది. అందుకే ప్లేయరు అడిగింది. ఇచ్చినది వెనక్కి అడగకూడదని నేను కుండబద్దలు కొట్టినట్టు చెప్పాను. ఆమె లేచి వెళ్ళిపోయింది. మర్నాడు గోడ అవతల పొయ్యి చప్పుడు వినిపించలేదు. ఆ మర్నాడూ లేదు. మూడోనాడు నేనే వెళ్ళి చెప్పాను: వస్తువు నాదే, నా చేతిలోనే ఉంటుంది, నా ఎదుటే వినాలి, మళ్ళీ నా సొరుగులోకే రావాలి.

సబీనాకి వరసకి తమ్ముడయ్యే తిబేరియు పట్నంలో ఫోన్లు బాగుచేస్తాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక వచ్చాడు. మధ్యాహ్నమే అయినా మా లోయలో కొండ వెనక్కి సూర్యుడు త్వరగా పోతాడు, దీపం వేసుకోవలసి వచ్చింది. సబీనా వంటింట్లో కూర్చున్నాం. పొయ్యి మీద మొక్కజొన్న సంకటి, పులిసిన క్యాబేజీ వాసన. బయట మంచు కురవడం ఆగిపోయి ఊరంతా దూది కుక్కినట్టు ఉంది.

ప్లేయరు బతికే ఉందని తిబేరియు తేల్చాడు. లోపలి డిస్కు బాగుంది, దాన్ని నడిపించే కంపెనీ సాఫ్ట్‌వేరు చెడిపోయింది, కంపెనీ ఎప్పుడో దాన్ని వదిలేసింది. ఇలాంటి పాత ప్లేయర్ల కోసం దేశదేశాల్లో కొందరు పైసా తీసుకోకుండా వేరే సాఫ్ట్‌వేరు రాసి పెట్టారట. అది ఎక్కిస్తే పాటలు, మాటలు చెక్కుచెదరవట.

"సామాను కదపకుండా ఇంట్లో కొత్త కాపురం పెట్టినట్టు, పిన్నీ," అన్నాడు నాతో.

"మరి పాత కాపురం ఎక్కడికి పోతుంది?" అన్నాను.

"నువ్వు లాంపు గదిలో కాదు, పోలీసు స్టేషన్లో ఉండాల్సిందానివి," అని నవ్వి లాప్‌టాప్ తెరిచాడు.

రెండు మీటలు కలిపి నొక్కి పట్టుకున్నాడు. కంపెనీ బొమ్మ ఆరిపోయింది, తెర నల్లబడింది. తీగ పెట్టాడు. ముందు ఒక చిన్న ప్రోగ్రామును లోపలికి పంపాడు. అది గుమ్మంలో కాపలావాడిలాంటిదని, మీట నొక్కగానే ముందు లేచేది అదేనని చెప్పాడు. తర్వాత పెద్దది ఎక్కించసాగాడు. మధ్యలో తీగ ఊడితే అంతా పోతుందన్నాడు. సబీనా ఆ తీగనే చూస్తూ కూర్చుంది, ఊపిరి తగిలినా ఊడిపోతుందన్నట్టు. ప్లేయరు మాత్రం నా అరచేతిలోనే ఉంది. వెచ్చబడింది. లోపల డిస్కు సన్నగా గీకుతున్న చప్పుడు... తర్వాత అదీ ఆగింది.

తెర వెలిగింది. కొత్త బొమ్మ, కొత్త అక్షరాలు. తిబేరియు చక్రం తిప్పి అవ్రాం పట్టిన మాటలు ఉన్నచోటు చూపించాడు. చిన్న స్పీకరు తగిలించాడు.

మొదట స్నానాల గది. నీళ్ళ హోరు, గచ్చు మీద చెక్కచెప్పులు, పెత్రాకె శ్రుతి తప్పి పాడడం, నలుగురు వాడి నోరు మూయమనడం. సబీనా నవ్వింది. ఏడాదిలో అదే మొదటిసారి. తర్వాత గొంతు సవరించుకున్న చప్పుడు. అవ్రాం.

"సబీనా... నాకు మాట్లాడ్డం రాదని నీకు తెలుసుగా. పండగ శుభాకాంక్షలు. నీ సంకటి మా అమ్మ సంకటికంటే బాగుంటుంది. ఇది అమ్మకి చెప్పకు."

అంతే. సబీనా చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, పెదాలు మాత్రం నవ్వుతున్నాయి. మళ్ళీ పెట్టమంది. తిబేరియు పెట్టాడు. మళ్ళీ పెట్టమంది. నాలుగోసారి అయ్యాక నేను స్పీకరు తీసి, ప్లేయరు గుడ్డలో చుట్టబోయాను.

సబీనా నా చేతిమీద చెయ్యి వేసింది. "ఇది నాది, పిన్నీ. ఆయన మాట్లాడింది నాతో. ఆయన పేరున దానం లేదు, ఏమీ లేదు. తీసేసుకుంటున్నాను."

నా వేళ్ళు విడదీసి లాక్కుంది. గుండెకి ఆనించుకుంది.

అప్పుడు అది దానంతటదే మొదలైంది. స్పీకరు లేదు. ఇయర్‌ఫోన్లు లేవు. ఆమె చేతుల మధ్య నుంచి... నీటిబొట్టు పడుతున్న చప్పుడు. ఎక్కడో లోతున. ఒక బొట్టు. చాలాసేపటికి ఇంకొకటి.

తిబేరియు తెర చూశాడు. "ఫైలు అయిపోయింది, అక్కా. ఇక్కడ ఇంకేమీ లేదు." మీట నొక్కాడు. ఆగలేదు. మళ్ళీ నొక్కాడు.

తడి మట్టి వాసన వచ్చింది. పొయ్యి మండుతూనే ఉంది, వంటింట్లో క్యాబేజీ వాసన పోయింది. గని నోటి దగ్గర నిలబడితే వచ్చే చల్లటి ఊపిరి ముఖానికి తగిలింది.

ఏదో తడుముతున్న చప్పుడు. అరచేత్తో రాయి మీద, చెక్క మీద, మెల్లగా. చీకట్లో వస్తువు పోగొట్టుకున్నవాడు వెతికినట్టు.

"ఇక్కడే పెట్టుకున్నాను..."

అవ్రాం గొంతు. మాట్లాడ్డం రాని మనిషి గొంతే.

"జేబులోనే ఉంది... ఇప్పటిదాకా ఉంది. ఎవరు తీశారు?"

సబీనా ముఖం వెలిగిపోయింది. తానే తీశానని చెప్పడానికి ఆమె నోరు తెరవడం చూశాను. చెబితే తర్వాత అతను ఏమంటాడో నాకు తెలుసు. అయితే తెచ్చివ్వు అంటాడు. ఈ పిల్ల చెప్పులు కూడా వేసుకోకుండా అతని దగ్గరికి వెళ్ళిపోతుంది. రెండు చేతులతో ఆమె నోరు గట్టిగా మూశాను. పళ్ళతో కొరికింది. వదలలేదు.

"దీన్ని మళ్ళీ దానం ఇయ్యి," అన్నాను ఆమె చెవిలో. "కొవ్వొత్తి వెలిగించు, తిబేరియు. త్వరగా."

వాడి చేతుల్లో అగ్గిపుల్లలు విరిగిపోతున్నాయి.

తడమడం ఆగింది. కింద ఎవరో తల పైకెత్తి విన్నట్టుంది. బొట్టు కూడా పడలేదు.

"పైన ఎవరు?"

"లాంపు గది, వెతూరియా," అన్నాను.

నేను అనలేదు. నా నోరు అంది. సగం జీవితం చేసిన పని అది, నా అనుమతి అడగలేదు.

తర్వాత అవ్రాం ఎవరికో చెప్పాడు, మెల్లగా, మాట అందించే పద్ధతిలో. "వెతూరియా." పక్కనున్న గొంతు అందుకుంది. "వెతూరియా." ఫోను లేనిచోట సొరంగంలో మనుషులు అలాగే పేరు అందిస్తారు, ఒకడి నోటి నుంచి ఇంకొకడి నోటికి. ఇంకో గొంతు. ముసలిది. ఇంకొకటి, దగ్గుతో. వాటిలో కొన్ని నాకు తెలుసు. వాళ్ళ బిళ్ళలు నా చేతుల మీదుగా పోయినవే. పేరు లోపలికి, ఇంకా లోపలికి... మా గని అంత లోతు లేదు. ఎప్పుడు వినిపించడం ఆగిందో చెప్పలేను.

కొవ్వొత్తి వెలిగింది. నేను చేతులు తీశాక సబీనా కొవ్వొత్తి పట్టుకుని ప్లేయరు నా చేతిలో పెట్టింది, అతని పేరు చెప్పింది. నేను అనవలసిన మాట అన్నాను. క్యాబేజీ వాసన తిరిగి వచ్చింది. సంకటి అడుగంటింది.

ఆ తర్వాత ప్లేయరు మామూలుగా పనిచేస్తోంది. తిబేరియు మళ్ళీ వచ్చి చూశాడు, సాఫ్ట్‌వేరు సరిగ్గానే ఎక్కిందన్నాడు, ఒక టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. నేను సాయంత్రాలు పాటలు పెడుతున్నాను. అవ్రాం మాటల జోలికి పోను. సబీనా తింటోంది. గొంతు గుర్తుందా అని అడిగితే ఉందంది. అది చాలు. పొద్దున్నే పొయ్యి చప్పుడు వినిపిస్తోంది.

చలికాలం చివర్లో పెత్రాకెని ఆస్పత్రిలో చేర్చారు. బొగ్గు పొడి తిన్న ఊపిరితిత్తులు, ఇక రోజులే అన్నారు. వాళ్ళావిడ ఇంటికెళ్ళి స్నానం చేసి వస్తానంటే నేను కూర్చున్నాను. పట్టపగలు. కిటికీలోంచి ఎండ. ఆరు మంచాల వార్డు, సూపు వాసన, నడవలో నర్సుల కబుర్లు.

అతను కళ్ళు మూసుకుని, చెవి దిండుకి ఆనించి పడుకున్నాడు. కాసేపటికి తల ఆడించాడు, కింది నుంచి ఎవరో చెప్పినది అర్థమైనట్టు. కళ్ళు తెరిచాడు. నన్ను చూశాడు. యాభై ఏళ్ళుగా "ఏమే" తప్ప పిలిచి ఎరగని మనిషి, ఎవరో కొత్తవాళ్ళని చూసినట్టు చూసి, మర్యాదగా అడిగాడు.

"వెతూరియా అంటే మీరేనా?"

నా నాలుక లేచింది. అవునంటే నా బిళ్ళ కూడా కొక్కేనికే ఉండిపోతుందని పళ్ళు బిగించి పట్టుకున్నాను. దుప్పటి అంచు గుప్పిట్లో నలిగిపోయింది. అతను ఎదురుచూశాడు. చాలాసేపు చూశాడు. అలా చూస్తూనే పోయాడు. నేను అతని కళ్ళు మూసి, సిలువ గుర్తు వేసుకుని, నర్సుని పిలవడానికి లేచాను.

పక్క మంచంలో ఒక పరాయి ఊరివాడు ఉన్నాడు. పొద్దుటి నుంచి మత్తులో, గోడవైపు తిరిగి నిద్రపోతున్నాడు. అతన్ని నేను ఎప్పుడూ చూడలేదు, అతను నన్ను చూడలేదు.

గోడవైపు తిరిగే ఉన్నాడు. కళ్ళు మూసుకునే ఉన్నాడు.

"వెతూరియా అంటే మీరేనా?" అన్నాడు.