వడ్డన కిటికీ

ఆ ఉదయం ఇంట్లో అన్నీ వేళ తప్పకుండానే జరిగాయి. కొడుకు డ్యూటీకి వెళ్ళిపోయాడు. ప్లీడరుగారు పత్రికలో పదకేళి నింపుతూ అడ్డం ఏడు దగ్గర ఆగి, ఎవరూ సాయపడకపోయేసరికి ఇంటిల్లిపాది చదువుల మీదా విసుక్కున్నారు. ఉద్యోగం మాని పదేళ్ళు దాటినా వీధివాళ్ళు ‘హెడ్మిస్ట్రెస్‌గారు’ అనే పిలుచుకునే ఆయన భార్య పెరట్లో బట్టలారేసి, చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. వచ్చి, హాలులో ఉలి, సుత్తి చూసి ఆగిపోయింది.

వంటగదికీ హాలుకీ మధ్య గోడను మేస్త్రీ వేలి కణుపులతో తట్టి చూస్తున్నాడు. పక్కన ప్లాను పట్టుకుని కోడలు నిలబడి ఉంది. ఆమె సర్వే ఆఫీసులో పటాలు గీస్తుంది. ఈ పటమూ ఆమె గీసిందే.

“ఇది బరువు మోసే గోడ కాదమ్మా. ఒట్టి అడ్డుగోడ. పూటలో పడిపోద్ది,” అన్నాడు మేస్త్రీ.

“ఏం బరువు మోసిందో తట్టి చెబుతున్నారా? ఉలి కింద పెట్టండి,” అంది హెడ్మిస్ట్రెస్.

కోడలు తెల్లబోయింది. “అదేంటి అత్తయ్యా! పోయిన వారం ప్లాను చూసి సరేనన్నారుగా?”

“చూశాను. ఆ గోడ ఉన్నచోట చుక్కల గీత పెట్టావు.”

“చుక్కల గీతంటే తీసేస్తామని అర్థం!”

“నా బడిలో చుక్కల గీత మీద పిల్లలు పెన్సిలుతో దిద్దుతారు. ఉన్నదాన్ని గట్టి చేయిస్తున్నావనుకుని సరేనన్నాను.”

మేస్త్రీ నవ్వు దాచుకోవడానికి మొహం తువ్వాలుతో తుడుచుకున్నాడు. అత్తాకోడళ్ళు మాత్రం నవ్వలేదు. తగువు తన పరిధిలోది కాదని గ్రహించి అతడు బీడీ వంకతో వీధి అరుగు మీదికి వెళ్ళిపోయాడు.

ఆ గోడలో ఒక కిటికీ ఉంది. రెండు జానల వెడల్పు, జానెడు ఎత్తు. అవతల భోజనాల బల్లకు సరిగ్గా ఆనుకుని ఉంటుంది. ఇల్లు కట్టించిన పెద్దాయన, అంటే ప్లీడరుగారి తండ్రి, ఆ కొలత స్వయంగా చెప్పి పెట్టించాడు. చెయ్యి అందాలి, ముఖం కనబడకూడదు. ఆ ఇంట్లో మగవాళ్ళు బల్ల దగ్గర కూర్చుని తిన్నారు; ఆడవాళ్ళు ఆ కంతలోంచి అందించి, తరవాత పొయ్యి పక్కనే తిన్నారు. చట్టం పుస్తకాల్లో రాసి ఉంటుంది. ఇళ్ళలో గోడలుగా కట్టి ఉంటుంది.

“మొన్న చుట్టాలొచ్చినప్పుడు చూశారుగా అత్తయ్యా? కబుర్లన్నీ అటు, నేనొక్కదాన్నే ఇటు. పప్పు అంటే పప్పు, నీళ్ళంటే నీళ్ళు. ముగ్గురు నా చేతికి థాంక్స్ చెప్పారు. ఒక్కళ్ళూ నా ముఖం చూళ్ళేదు.”

“ఆ మాత్రానికే?”

“ఆ మాత్రానికే! ఆడపిల్లలకి న్యాయం కావాలని ముప్పయ్యేళ్ళు బడిలో చెప్పింది మీరే కదా. ఇంట్లో మాత్రం ఈ గోడ మీకు ముద్దొచ్చిందా?”

హెడ్మిస్ట్రెస్ కుర్చీ లాక్కుని కూర్చుంది. అంతవరకు ఆమెను ఆ విధంగా నిలదీసిన వారు లేరు. కోపం రావలసిన చోట ఆమె ఆ కిటికీ వైపు చూసింది.

“మీ తాతమామగారు కోడలు గడప దాటి చదవడానికి వీల్లేదన్నారు. మీ మావయ్యగారు అవునూ అనలేదు, కాదూ అనలేదు. సాయంత్రం ట్రైనింగు క్లాసులు ఉండేవి. మా అత్తగారు నన్ను పెరటి తలుపులోంచి పంపించేసేది. భోజనాలకి నేను లేనని తెలియకూడదు కదా? నా గాజులు తీసి తను వేసుకునేది.”

“గాజులా?”

“డజను పచ్చగాజులు. ఆవిడ చెయ్యి పెద్దది. సబ్బు నురగ రాసి ఎక్కించుకునేది, మణికట్టు కమిలిపోయేది. ఆ కంతలోంచి రెండేళ్ళు వడ్డించింది. ‘కోడలు పొందిగ్గా వడ్డిస్తోంది’ అని మీ తాతమామగారు మెచ్చుకునేవారట. తిరిగి రాగానే ఆ మాట చెప్పి, ఇద్దరం కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వుకునేవాళ్ళం.” ఆమె కళ్ళు ఆ కిటికీ మీదే ఉన్నాయి. “మమ్మల్ని దాచడానికి కట్టిన గోడ అది. దాని చాటునే నేను టీచర్నయ్యాను. ఎలా పడగొట్టమంటావమ్మాయ్?”

పత్రిక చప్పుడు ఆగింది. ప్లీడరుగారు కళ్ళజోడు తీశారు. “ఇంట్లో కూచునే చదివి ప్యాసయ్యావని నలభయ్యేళ్ళుగా కోర్టంతా చెప్పుకున్నాను కదోయ్!”

“చెప్పుకున్నారు. నేనూ అడ్డు చెప్పలేదు.”

“మరి మావయ్యగారూ,” అంది కోడలు, ఎత్తిపొడుపేమీ లేకుండా, “అవి మీ అమ్మగారి చేతులు కదా. మీరు పోల్చుకోలేదా?”

ఎన్నో కేసుల్లో సాక్షుల్ని తడబడేలా చేసిన మనిషి ఆ ఒక్క ప్రశ్నకు కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టారు. “గాజులు చూశాను,” అన్నారు చివరికి. “ఆ చేత్తోనే ముద్దలు తిని పెరిగాను. గాజులే చూశాను.”

కోడలు ప్లానును నెమ్మదిగా చుట్టింది. “పోనీలెండి అత్తయ్యా, గోడ ఉంచేద్దాం. కానీ ఒక్కటి చెప్పండి. ఆవిడ ఏనాడైనా ఈ బల్ల దగ్గర కూచుని తిన్నారా?”

హెడ్మిస్ట్రెస్ తల అడ్డంగా ఊపింది.

“లేదు. ఉద్యోగంలో చేరాక జీతం తెచ్చేదాన్నని నన్ను బల్ల దగ్గర కూచోనిచ్చారు. ఆవిడ మాత్రం అటే ఉండిపోయింది, పోయేదాకా. నాకు తొమ్మిదేళ్ళు ఆ కంతలోంచే అందించింది.” ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకోలేదు, నేరం ఒప్పుకునేవారు మొహం దాచుకోకూడదని ఆమె నమ్మకం. “రమ్మని నేను పిలవలేదమ్మాయ్. ఒక్కసారి కూడా పిలవలేదు.”

కోడలు వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ప్లీడరుగారు లేచి, ఏమీ అనకుండా వంటగదిలోకి వెళ్ళారు. మంచినీళ్ళకేమో అనుకున్నారు ఇద్దరూ. ఆయన కిటికీ ముందు నిలబడి, నడుము పట్టుకుని, వంగి, అటువైపు నుంచి హాలులోకి చూశారు. పుట్టి బుద్ధెరిగాక ఆయన అక్కడ నిలబడడం అదే మొదలు.

“ఏమోయ్,” గోడ వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది. “ఇక్కణ్ణించి మనుషులు కనబడరు. కంచాలే కనబడతాయి. మా అమ్మకి ఇన్నేళ్ళూ కంచాలే కనబడ్డాయి.”

ఆధారం కోసం ఆయన చెయ్యి కిటికీ గట్టు మీదికి వచ్చింది. ఇవతల నుంచి హెడ్మిస్ట్రెస్ ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

మేస్త్రీ గుమ్మంలోంచి తల పెట్టి, ఏడుస్తున్న వాళ్ళను చూసి కంగారుపడ్డాడు. “అమ్మగారూ, ఈ పనొద్దంటే వద్దు. పోనీ రేపు రమ్మంటారా?”

“రేపెందుకు?” అంది హెడ్మిస్ట్రెస్, ఆ చెయ్యి వదలకుండానే. “ఇవాళే కొట్టేద్దురు గానీ. ముందు ఆయన్ని ఇవతలికి రానివ్వండి.”